కొర్రమీను సాక్ష్యం

కిందటి వారం ఆరోన్‌ని మనం హనుమాన్ జంక్షన్‌లో ఆటో ఎక్కించి వదిలేశాం. వాడి ఒళ్ళో గుడ్డసంచి, సంచిలో విజయవాడ చేపల మార్కెట్లో వాడు రోజంతా ఆడించే కత్తి. ఎడమచేత్తో ఆడించే కత్తి. కుడిచెయ్యి అక్టోబరులోనే పోయింది కదా.

ఎలా పోయిందో కొత్తగా చదివేవాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. అక్టోబరు ముసుర్లో ఒకరోజు తెల్లవారేసరికి తుంగలపాడు సంఘపెద్ద శౌరయ్య చెరువులో చేపంతా తెల్లగా తేలింది. శౌరయ్య పరుగున వెళ్ళి గుడి గంట కొట్టాడు. ఊరు ఊరంతా చేతికి దొరికిన కర్ర పట్టుకుని వచ్చింది. పక్క చెరువు ఆరోన్‌ది. అంతకుముందు సాయంత్రమే గట్టు మీద ఇద్దరికీ మాటామాటా వచ్చింది. "వాడే పురుగుమందు కలిపాడు" అన్నాడు శౌరయ్య. ఇంకేం కావాలి? ఆరోన్‌ని కరెంటు స్తంభానికి కట్టి చచ్చేలా కొట్టారు. శౌరయ్య కొడుకు ఇన్నాసి ఇంజన్ తిప్పే ఇనప హ్యాండిల్ తెచ్చి, వాడి కుడిచేతిని రాయి మీద పెట్టి నలగ్గొట్టాడు. పోలీసులు వచ్చి అడిగితే ఊళ్ళో ఒక్కరూ నోరు విప్పలేదు. బాప్తిస్మం నాడు ఆరోన్‌ని ఎత్తుకున్న జ్ఞానతండ్రి శౌరయ్యే, వాడు పెదనాన్నా అని పిలిచే మనిషి. ఆ రోజు చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

ఆరోన్ మందు కలిపాడని మీలో సగం మంది, కలపలేదని సగం మంది పోట్లాడుకుంటున్నారని పత్రిక వాళ్ళు చెప్పారు. ఈ వారం అది తేలిపోతుంది. తేలాక మీ మనసుకి హాయిగా ఉంటుందని మాత్రం నేను హామీ ఇవ్వలేను.

ఇవాళ పవిత్ర గురువారం. సాయంత్రం పూజలో ఫాదర్ గారు నడుముకి తువ్వాలు కట్టుకుని, మోకాళ్ళ మీద వంగి, పన్నెండు మంది మగవాళ్ళ కాళ్ళు కడుగుతారు. ఆ వరసలో మొదటి కుర్చీని తుంగలపాడులో పేతురు కుర్చీ అంటారు. అందులో శౌరయ్య కాక ఇంకొకరు కూర్చోవడం ఇప్పటి కుర్రకారు ఎవరూ చూడలేదు. ప్రభువు తన గొప్పతనాన్ని పక్కన పెట్టి, వంగి శిష్యుల కాళ్ళు కడిగిన రోజు అది. మన శౌరయ్యకి మాత్రం ఊరందరి ముందూ గొప్పగా కూర్చునే రోజు. ఇస్త్రీ పంచె, జరీ కండువా, ముందురోజే సబ్బు పెట్టి తోముకున్న పాదాలు. మురికి కాళ్ళు ఇంకొకరి చేత కడిగించుకోవడం ఆయనకి నామోషీ.

ఈ సాయంత్రం ఆ కుర్చీలో శౌరయ్య ఉండకూడదు. ఆరోన్ అనుకుని వచ్చింది అదొక్కటే.

*

ఆటో దిగేసరికి తెల్లవారింది గాని సూర్యుడి జాడ లేదు. వారం నుంచీ ఆకాశం మూసుకునే ఉంది, ఆకు కదలడం లేదు. చెరువులున్న ఊళ్ళో ఇలాంటి వాతావరణం వస్తే ఎవరికీ సరిగ్గా నిద్ర పట్టదు. ఎండ లేకపోతే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, చేప పెరగడానికి పోసిన ఎరువు కుళ్ళి ఉన్నదాన్నీ తినేస్తుంది. తెల్లవారేసరికి చేప ఊపిరాడక పైకొచ్చి నోరు తెరుస్తుంది. అలాంటప్పుడు ఎరువు ఆపాలి, మేత తగ్గించాలి, ఇంజన్ పెట్టి నీళ్ళు తిప్పాలి. ఇది అక్కడ పిల్లలకి కూడా తెలుసు.

తెరేసమ్మ మొన్ననే చెప్పింది మొగుడికి. "మబ్బుగా ఉందండీ, ఎరువు రెండ్రోజులు ఆపండి" అంది. "చెరువు సంగతి నువ్వు నాకు చెబుతున్నావా?" అన్నాడు శౌరయ్య. ఆ ఇంట్లో ఏ మాటైనా అక్కడితో ఆగిపోతుంది. రెండు ట్రాక్టర్ల కోళ్ళ ఎరువు చెరువులోకి దిగింది. ఈస్టరుకి వల వేసి చేప తూచే పట్టుబడిలో ఆయన బొచ్చెచేప చుట్టుపక్కల అన్ని చెరువుల బొచ్చెల కంటే ఎక్కువ తూగాలి, అదీ ఆయన పంతం.

ఇప్పుడాయన గట్టు మీద ఒక్కడే నిలబడి ఉన్నాడు. చెరువు నిండా నోళ్ళే. బొచ్చెలు, శీలావతులు, పెద్దవన్నీ నీటి మీదికొచ్చి గాలి కోసం నోళ్ళు తెరుస్తున్నాయి. కొన్ని అప్పుడే వెల్లకిలా తిరిగాయి. ఆయన ఇన్నాసికి ఫోన్ చేసి, "ఇంజన్ వేసుకుని రారా, నాగుల్ని కూడా తీసుకురా, తొందరగా" అన్నాడు. ఫోన్ జేబులో పెడుతుంటే వెనక అడుగుల చప్పుడైంది. పాలేరు నాగులే అనుకున్నాడు.

"నాగులూ, ముందు పైపులు లాగరా."

"నాగులు కాదు" అన్నాడు ఆరోన్.

శౌరయ్య తిరిగాడు. తిరగడమే ఆయన ప్రాణం కాపాడింది. మెడ మీద పడాల్సిన కత్తి భుజం మీద పడింది. చొక్కా, కండ కలిపి చీలాయి. ఆయన అరవలేదు. వయసు మళ్ళినా ఒళ్ళు గట్టిది, చేతులు వలలు లాగిన చేతులు. రెండో దెబ్బకి ఎత్తిన చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని, ఇంకో చేత్తో ఆరోన్ చచ్చుపడిన కుడిచేతిని అందుకున్నాడు. ఎక్కడ నొప్పి ఉంటుందో ఆయనకి తెలుసు. సరిగ్గా అక్కడే మెలిపెట్టాడు.

ఆరోన్ కేక గట్టు అవతల కొంగల్ని లేపింది. కత్తి జారి నీళ్ళ అంచున బురదలో పడింది. కింద పడుతూ పడుతూ తన నుదుటితో శౌరయ్య నోటి మీద గుద్దాడు. ముందు పళ్ళు రెండు విరిగాయి. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకునే గట్టు దొర్లి చెరువులో పడ్డారు.

నీళ్ళు మోకాలి లోతే. ఆ లోతు చాలు మనిషిని చంపడానికి. ఆరోన్ ఆయన వీపు మీదెక్కి, ఎడమ మోచేతితో మెడ నొక్కి, మొహాన్ని బురదనీళ్ళలో ముంచాడు. శౌరయ్య కాళ్ళు కొట్టుకున్నాడు, బురద దేవాడు. ఛాతీ పగిలిపోతున్నట్టయింది. ఉండబట్టలేక నోరు తెరిచాడు. నెత్తురూ ఎరువుకంపూ కలిసిన నీళ్ళు లోపలికి పోయాయి. పక్కనే ఒక పెద్ద బొచ్చె ఆయన చెంపకి తగులుతూ అదే పని చేస్తోంది. ఊపిరాడక చావడం అంటే ఏమిటో శౌరయ్యకి ఆ నీళ్ళలో తెలిసింది. ఇన్నాళ్ళూ గట్టు మీద నిలబడి చూసినవాడు కదా.

ఆరోన్ జుట్టు పట్టి ఆయన తలని పైకి లాగాడు. ఒక్కసారిగా చంపడం వాడికి ఇష్టం లేదు. తన మొహం చూసి చావాలని వాడి కోరిక.

అప్పుడే ఏదో వచ్చి ఆరోన్ తొడకి కొట్టుకుని, ఎగిరి గట్టు అంచున బురదలో పడింది. నల్లగా, నున్నగా, మూరెడు పొడవు. పడ్డచోటే ఉండకుండా పాకుతోంది.

ఆరోన్ దాన్ని చూశాడు. ఆ తర్వాతే చెరువు మొత్తం చూశాడు. వచ్చినప్పుడు వాడి కళ్ళకి శౌరయ్య మెడ తప్ప ఏమీ కనిపించలేదు. ఇప్పుడు తెరిచిన నోళ్ళు కనిపించాయి. పెద్దవి చచ్చి, చిన్నవి బతికి ఉండటం కనిపించింది. మందైతే చిన్నవే ముందు పోవాలి. వాడూ చెరువులవాడే.

"అదేంటి?" అన్నాడు.

శౌరయ్య దగ్గుతున్నాడు.

"నిన్నే. ఏంటది?"

"కొర్రమీను."

"బతికుందా?"

"ఉంది."

కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చుకునే జాతి. నీళ్ళలో ఆక్సిజన్ పోయినా అది చావదు. పురుగుమందు కలిపితే మాత్రం చెరువులో అన్నిటికంటే ముందు అదే పాకి గట్టెక్కి చస్తుంది, నీటిపాములూ నత్తలూ దాని వెంటే. కొర్రమీను బతికున్న చెరువులో మందు లేదని చెప్పడానికి చదువుకున్న డాక్టరు అక్కర్లేదు.

"అయితే మందు?"

"లేదు."

"ఆ రోజు?"

శౌరయ్య మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆరోన్ మళ్ళీ ఆయన తలని ముంచాడు, ఈసారి ఎక్కువసేపు. లేపినప్పుడు శౌరయ్య నోట్లోంచి నీళ్ళూ నెత్తురూ కారాయి.

"ఆ రోజు?"

"ఆ రోజూ లేదు."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

ఇక్కడ శౌరయ్య అబద్ధం చెప్పవచ్చు. నిన్ననో మొన్ననో తెలిసిందంటే సరిపోయేది, పొరపాటు పడ్డవాడిని ఎవరైనా క్షమిస్తారు. ఈస్టరు ముందరి ఈ తపస్సు కాలంలో పాపసంకీర్తనానికి వెళ్ళి ఫాదర్ గారి ముందు పాపాలు ఒప్పుకుంటూ, కోపం వచ్చిందనీ పూజకి ఆలస్యంగా వచ్చాననీ చెప్పి శుభ్రంగా ఇంటికొచ్చిన మనిషి ఆయన. దేవుడి దగ్గరే దాచినవాడికి ఆరోన్ ఒక లెక్కా? కానీ మెడ మీద ఆ మోచెయ్యి ఉంది, ఎదురుగా ఆ కొర్రమీను పాకుతోంది. నోట్లోంచి మాట దానంతటదే జారింది.

"ఆ పొద్దున్నే. అప్పుడూ ఒక కొర్రమీను ఇలాగే నిక్షేపంగా గట్టెక్కింది. ఎవరూ చూడకుండా మడమతో దాని తల తొక్కి, తన్నేశాను."

"ఎందుకు?"

"ముందురోజు సాయంత్రం నువ్వు చెప్పావు. మబ్బులో ఎరువు పోయించొద్దు, చేప చచ్చిపోద్ది అన్నావు. నలుగురి ముందూ అన్నావు. నువ్వన్నట్టే అయింది."

అదీ సంగతి. గట్టు తగాదా కాదు, పాతకక్షా కాదు. చేతుల్లో ఎత్తుకున్న పిల్లవాడు పెద్దయ్యి నలుగురి ముందూ ఒక మంచి మాట చెప్పాడు, అది నిజమైంది. దానికి వాడి చెయ్యి పోయింది. ఇది రాస్తుంటే నాకే ఒళ్ళు మండుతోంది. ఆరోన్‌కి ఎలా ఉంటుందో మీరే ఊహించండి.

వాడు ఇన్నాళ్ళూ శౌరయ్య పొరపాటు పడ్డాడనే అనుకున్నాడు. పొరపాటుకే చంపాలని వచ్చాడు. ఇప్పుడు ఆయన్ని మోకాలితో నొక్కి పట్టి, బురదలో తడిమి కత్తి తీశాడు. ఆయన గొంతు మీద ఆనించాడు. చర్మం తెగి నెత్తురు గీతలా దిగింది. శౌరయ్య కళ్ళు మూసుకున్నాడు.

ఆరోన్ కత్తిని అంతకంటే లోపలికి దించలేదు.

"నిన్ను చంపితే ఈ మాట ఇంకెవరు చెబుతారు?" అన్నాడు. "నేను చెబితే నమ్ముతారా? మా అమ్మ ఊరి కొళాయి దగ్గర బిందె పెడితే ఇప్పటికీ పక్కకి తోసేస్తున్నారంట. నువ్వు చెప్పాలి. ఆ రోజు గంట కొట్టి పిలిచావు చూడు, అలాగే పిలిచి చెప్పాలి."

"సాయంత్రం..."

"సాయంత్రం ఆ కుర్చీ ఎక్కి కూర్చుంటావు. ఇప్పుడే."

గట్టు మీద ట్రాక్టరు ఆగింది.

*

ఇన్నాసికి కనిపించింది ఇది: చెరువు నిండా చచ్చిన చేప, నీళ్ళలో నెత్తురోడుతున్న తండ్రి, తండ్రి గొంతు మీద కత్తితో ఆరోన్. "మళ్ళీ మందు కలిపాడురా" అంటూ ఇంజన్ హ్యాండిల్ పట్టుకుని దూకాడు. అదే హ్యాండిల్. వెనకే కర్రతో నాగులు దూకాడు.

మొదటి దెబ్బకి ఆరోన్ చెవి చితికింది. రెండో దెబ్బకి మెడ కింద ఎముక విరిగిన చప్పుడు నాగులుకి కూడా వినిపించింది. కత్తి ఎప్పుడో పోయింది. ఇన్నాసి వాడి చొక్కా పట్టి గట్టు మీదికి ఈడ్చి డొక్కలో తన్నాడు. మొహం మీద కూడా తన్నాడు. ఆరోన్ ఎదురు తిరగలేదు, కేక కూడా వెయ్యలేదు. శౌరయ్య వైపే చూస్తున్నాడు.

శౌరయ్య చెరువులోంచి లేచాడు. గట్టెక్కాడు. మాట్లాడలేదు. ఒక్క మాట చాలు అప్పుడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి అక్కడే కూర్చుంది. కొడుకు తన తరఫున కొడుతున్నాడు, తన పరువు తన కళ్ళముందే మళ్ళీ నిలబడుతోంది, కాసేపు ఊరుకుంటే ఆరోన్‌తో పాటు నిజం కూడా పోతుంది. ఆయన లోపలి మనిషి అలా లెక్కలు వేస్తూ నిలబడ్డాడు. ప్రభువుని పట్టుకుపోయాక తెల్లవారుజామున చలిమంట దగ్గర నిలబడి, ఆ మనిషెవరో నాకు తెలియదన్న శిష్యుడు పేతురు కూడా ఇలాగే నిలబడి ఉంటాడు. ఇన్నేళ్ళూ ఆ కుర్చీ మీద కూర్చున్నవాడు నిజంగా పేతురైంది ఆ గట్టు మీదే.

ఇన్నాసి ఆరోన్ ఎడమచేతిని లాగి రాయి మీద పెట్టి, మణికట్టు మీద కాలు వేశాడు. "ఇది కూడా ఉండకూడదు నీకు" అని హ్యాండిల్ ఎత్తాడు.

ఎలా కదిలాడో శౌరయ్యకే తెలియదు. హ్యాండిల్ దిగేసరికి ఆయన ముంజెయ్యి కింద ఉంది. ఎముక చిట్లింది. ఇన్నాసి హ్యాండిల్ వదిలేసి వెనక్కి గెంతాడు.

"నాన్నా, నీకేమైనా పిచ్చా?"

"మందు కాదురా." పళ్ళు విరిగిన నోటితో మాట సరిగ్గా రావడం లేదు. "వీడు కలపలేదు. ఇవాళా కలపలేదు, అప్పుడూ కలపలేదు. నా ఎరువే చంపింది."

నాగులు చేతిలోని కర్ర దించేశాడు. ఇన్నాసి మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు. శౌరయ్య ఆశ్చర్యం కోసం చూశాడు. అది లేదు.

"తెలుసు" అన్నాడు ఇన్నాసి.

"ఏం తెలుసు?"

"నువ్వు కొర్రమీనుని తొక్కడం నేను చూశాను. మోటారు షెడ్డు దగ్గర ఉన్నాను అప్పుడు." ఇన్నాసి తండ్రి ముందుకొచ్చి నిలబడ్డాడు. "నువ్వు తొక్కావంటే నేనూ తొక్కాలనుకున్నాను నాన్నా. నువ్వే కదా మా అందరికీ చెప్పేది, ఏం చెయ్యాలో."

శౌరయ్య ఉన్నచోటే కూలబడ్డాడు. పొరపాటున కొట్టిన కొడుకు కాదు, తెలిసి కొట్టిన కొడుకు. వాడికి నేర్పింది ఎవరో అడగాల్సిన పని లేదు.

"గంట కొట్టి చెబుతాను" అన్నాడు నేల చూస్తూ.

"చెబితే నేను జైలుకి పోతాను. నీకు తెలుసా?"

"తెలుసు."

 ఇన్నాసి హ్యాండిల్ తీసుకుని, ట్రాక్టరు కూడా వదిలేసి, ఊరి వైపు పరుగెత్తాడు.

*

నాగులు ఆరోన్‌ని భుజాన వేసుకున్నాడు. శౌరయ్య విరిగిన చేతిని పొట్టకి అదుముకుని ముందు నడిచాడు. దారి పొడుగునా ఆయన ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. చూస్తే నడవలేనని భయం.

గుడి మెట్ల దగ్గరికి వచ్చేసరికి గంటతాడు దగ్గర తెరేసమ్మ నిలబడి ఉంది. తాడుని రెండు చేతులకీ చుట్టుకుంది. జుట్టు కూడా ముడి వేసుకోలేదు. ఇన్నాసి ముందే ఇంటికెళ్ళి చెప్పాడని ఆమె మొహం చూస్తే తెలుస్తోంది. వాడు గుడి గోడ పక్కన, హ్యాండిల్‌తో సహా నిలబడ్డాడు.

"తాడు వదులు తెరేసా."

"వదలనండి." ఆమె గొంతు పెంచలేదు. "నాకున్నది వాడొక్కడే. మీ పాపం మీరు కడుక్కోడానికి వాడిని పోలీసులకి ఇస్తారా?"

"వాడు చేసిందే..."

"చెయ్యి వాడిదండీ. నోరు మీది. చేతికి జైలుంది. నోటికేముంది? ఆ నోటికి శిక్షేంటో మీరు చెప్పండి, నేను తాడు వదిలేస్తాను."

 నువ్వు నాకు చెబుతున్నావా అనే మాట ఈసారి శౌరయ్యకి రాలేదు. పెళ్ళైనప్పటి నుంచీ ఆమె మాటలన్నీ ఆయన ఆ ఒక్క మాట కింద తొక్కుతూ వచ్చాడు. మొన్నటి ఎరువు సంగతితో సహా. అది ఇప్పుడే అర్థమైంది ఆయనకి.

"ఆ మాటే చెబుతాను" అన్నాడు. "వాడి చేత చేయించిన నోరు నాదని చెబుతాను. పోలీసులొస్తే ముందు నన్ను తీసుకెళ్ళమంటాను. మొన్న ఎరువు వద్దన్నావు, నీ మాట కూడా తొక్కేశాను. ఇప్పుడు నీ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

తెరేసమ్మ ఆయన్ని చూసింది. పళ్ళు విరిగిన నోరు, చీలిన భుజం, వేలాడుతున్న చెయ్యి. ఆ తర్వాత నాగులు మెట్ల మీద దించుతున్న ఆరోన్‌ని చూసింది. వాడి మొహంలో ఒక కన్ను తప్ప ఏదీ ఆనవాలు పట్టేలా లేదు. ఆమె ఏడవడం మొదలుపెట్టింది. ఏడుస్తూనే తాడు విప్పి ఆయన మంచిచేతిలో పెట్టింది.

శౌరయ్య గంట కొట్టాడు.

ఇక్కడ ఆయన ఒకటి మర్చిపోయాడు. పూజ గంట వేరు. ఆగి ఆగి, లెక్కగా మోగుతుంది. వేళగాని వేళ ఆగకుండా కొట్టే గంటకి తుంగలపాడులో ఒక్కటే అర్థం, ఆ అర్థం అక్టోబరులో నేర్పింది ఆయనే. ఊరు పరుగున వచ్చింది. చేతికి దొరికిన కర్ర పట్టుకునే వచ్చింది. వచ్చేసరికి మెట్ల మీద ఆరోన్ కనిపించాడు, పక్కన నెత్తురోడుతున్న పెద్దాయన కనిపించాడు. ఎవరో చెరువు వైపు నుంచి పరుగెత్తుకొస్తూ "చేపంతా తేలిపోయింది, మళ్ళీ కలిపాడు" అని అరిచారు.

మొదటి రాయి ఆరోన్ మోకాలికి తగిలింది. రెండోది గుడి తలుపుకి తగిలింది.

"ఆగండి" అన్నాడు శౌరయ్య. ఆ మాట ఆయనకే వినబడలేదు. వాచిన నోటిలోంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు. ఇన్నేళ్ళూ ఆయన దగ్గితే ఆగిన జనం ఇప్పుడు ఆయన కోసమే ఆయన మీదుగా వస్తున్నారు. గోడ పక్కన ఇన్నాసి పెదవి కొరుక్కుంటూ నిలబడ్డాడు. వాడు చెయ్యాల్సిందేమీ లేదు, ఊరుకుంటే చాలు.

శౌరయ్య మెడలో బురదతో తడిసి అంటుకుపోయిన తువ్వాలు ఉంది. దాన్ని లాగాడు. ఒక చేత్తో, పళ్ళు విరిగిన నోటితో కొస పట్టుకుని, నడుముకి కట్టుకున్నాడు. మెట్ల మీద మోకాళ్ళూని ఆరోన్ కాళ్ళ ముందు వంగాడు.

ముందు వరసలో వాళ్ళు ఆగారు. వాళ్ళని గుద్దుకుని వెనకవాళ్ళు ఆగారు. నడుముకి తువ్వాలు, మోకాళ్ళ మీద మనిషి: ఆ ఊళ్ళో ఏడాదికొకసారి గురువారం సాయంత్రం చూసే దృశ్యం అది. ఫాదర్ గారు చెయ్యాల్సింది, పేతురు కుర్చీ పెద్దాయన చేస్తున్నాడు, అది కూడా ఊరు చెయ్యి నలగ్గొట్టిన ద్రోహి కాళ్ళకి. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. కానీ చప్పుడు ఆగింది. ఆయన తువ్వాలు కొసతో ఆరోన్ పాదం మీది నెత్తురు తుడవబోయాడు.

ఆరోన్ కాలు వెనక్కి లాక్కున్నాడు.

ఎంత నొప్పి పెట్టిందో గాని లాక్కున్నాడు. చితికిన మొహంతో, చాలా మెల్లగా అన్నాడు. "కాళ్ళు తర్వాత పెదనాన్నా. ముందు చెప్పు."

శౌరయ్య వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. వాడు చెప్పింది నిజం. కాళ్ళు తుడిస్తే ఊరు కన్నీళ్ళు పెట్టుకుంటుంది, ఎంత మంచి పెద్దాయనో అనుకుంటుంది, శత్రువుని కూడా క్షమించాడని చెప్పుకుంటుంది. సాయంత్రానికి ఆ కుర్చీ ఇంకాస్త ఎత్తవుతుంది. మోకాళ్ళ మీద కూడా మనిషి ఎంత ఎత్తున కూర్చోగలడో ఆయనకి అప్పుడు తెలిసింది.

లేవలేదు. మోకాళ్ళ మీదే జనం వైపు తిరిగాడు. చప్పుడు లేదు కాబట్టి ఈసారి మాట వినబడింది.

"ఆరోన్ మందు కలపలేదు. ఇవాళ కాదు, ఆ రోజు కాదు. నా ఎరువుకి నా చేప చచ్చింది. ఆ రోజు పొద్దున్నే నాకు తెలుసు. తెలిసే గంట కొట్టాను. మీకు అబద్ధం చెప్పాను. మా వాడి చేత వీడి చెయ్యి విరగ్గొట్టించింది నా నోరు."

తెరేసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గోడ పక్కన హ్యాండిల్ నేల మీద పడిన చప్పుడైంది.

శౌరయ్య ఎదురుచూశాడు. నిజం చెబితే బరువు దిగుతుందని ఎన్నిసార్లు ప్రసంగంలో విన్నాడో. ఏ బరువూ దిగలేదు. ఊరు ఆయన్ని చూస్తోంది, అంతే.

జనంలోంచి బుల్లెమ్మ ముందుకొచ్చింది. ఆయన కంటే పెద్దది, ముసలిది, నడవడానికి వాడే కర్రే పట్టుకుని వచ్చింది. మెట్ల కింద ఆగి, ముందు ఆరోన్‌ని చూసింది, తర్వాత ఆయన్ని చూసింది.

"తాడు నేనిచ్చాను శౌరయ్యా" అంది. "మా గేదె పలుపు. స్తంభానికి కట్టడానికి తాడు లేదంటే ఇంటికెళ్ళి విప్పుకొచ్చాను. ఆ బిడ్డ నీళ్ళడిగితే మొహం తిప్పుకున్నాను. నువ్వు చెప్పావని."

ఆయన తల వంచుకున్నాడు.

"తలెత్తు. ఇన్నాళ్ళూ ఎత్తావుగా." ఆమె కర్ర నేల మీదనుంచి లేచింది. "మేమంతా ఎవర్ని కొట్టినట్టయ్యా?"

ఆ ప్రశ్నకి జవాబు మెట్ల మీదే ఉంది, ఒక కన్ను మూసుకుపోయి, ఒక కన్నుతో అందరినీ చూస్తూ. కర్ర దించేవాళ్ళు ఒక్కరైనా ఉన్నారేమోనని శౌరయ్య ఆ మొహాలన్నీ వెతికాడు. తెచ్చిన కర్రలు తెచ్చినట్టే ఉన్నాయి. ఆరోన్ వైపు తిరిగి ఉన్నవి ఒక్కొక్కటిగా ఆయన వైపు తిరుగుతున్నాయి.